ఒక్క తలకట్టు

నల్లరాతి పలక మీద నీళ్ళు చిలకరించి మేస్త్రి అరచేత్తో తుడిచాడు. రాతిపొడి బురదై వేళ్ళ సందుల్లోకి వచ్చింది. చెయ్యి చొక్కాకి రాసుకుని, సన్న ఉలిని నాలుగో అక్షరం కడుపు దగ్గర ఆనించి, కొయ్యసుత్తితో తట్టాడు. గింజంత రాయి లేచింది. ఉలిని గోరంత తిప్పి మళ్ళీ తట్టాడు. గుండ్రం చెక్కేటప్పుడు తొందర పనికిరాదు. తొందరపడ్డవాడి సున్న కోడిగుడ్డవుతుంది.

ఊళ్ళో సగం గేట్ల పక్కన ఉన్న పేర్లు అతను చెక్కినవే. కొత్తిల్లు కట్టుకున్నవాళ్ళు గోడలకి రంగు వేయించకముందే అతని దగ్గరికి వస్తారు. కొందరు తల్లి పేరు పెట్టుకుంటారు, కొందరు కూతురి పేరు. ఏమీ తోచనివాళ్ళు శాంతి అనో ఆనందం అనో పెట్టేస్తారు. అతను చెక్కిన ఒక శాంతి నిలయంలో మొగుడూ పెళ్ళాం అరుచుకుంటే వీధి చివర పడుకున్న కుక్క కూడా లేచి కూర్చుంటుంది. "ఏం మేస్త్రీ, శాంతి అని చెక్కావు, ఇదేనా శాంతి?" అని ఎవరైనా వేళాకోళమాడితే, "నేను చెక్కింది పేరు, కాపురం కాదు" అంటాడు.

అందరూ అతన్ని తలకట్ల మేస్త్రి అంటారు. అక్షరాల ఒళ్ళంతా చెక్కేస్తాడు, కొమ్ములూ దీర్ఘాలూ వత్తులూ అన్నీ పూర్తి చేస్తాడు, తలకట్లు మాత్రం వదిలేస్తాడు. అక్షరాలు బోడితలలతో నిలబడి ఉండగా ఇంటివాళ్ళని పిలిచి చూసుకోమంటాడు. వాళ్ళు సరేనన్నాక వెడల్పు ఉలి తీసి, వాళ్ళ కళ్ళెదుటే ఒక్కో అక్షరం నెత్తినా తలకట్టు పెడతాడు. గుండ్రానికి ఒక ఉలి, గీతకి ఒక ఉలి కాబట్టి పనికీ అదే సుఖం. అయితే ఆ పద్ధతి అతను కనిపెట్టింది కాదు. అక్క నేర్పింది.

ఇప్పుడు చేతికింద ఉన్న పలక అక్కదే.

అక్క దర్జీ కొట్లో చొక్కాలకి కాజాలు కుట్టేది. మిషను పని అయిపోయాక, బొత్తాం దూరేందుకు గుడ్డని చిన్నగా చీల్చి, ఆ చీలిక అంచు పీచుపోకుండా చుట్టూ దారంతో అల్లాలి. బయటికి కనపడని పని. బాగా చేస్తే ఎవరూ చూడరు, చెడగొడితే అందరూ చూస్తారు. కొట్లో ఆమెని కాజాల అక్క అనేవారు. కుట్టీ కుట్టీ, కూడబెట్టీ కూడబెట్టీ, ఊరి చివర జానెడు జాగాలో ఒక గదీ ఒక వంటిల్లూ లేపింది. పైకప్పు కూడా వేయించింది. గోడలకి పూత పడకముందే కడుపులో గడ్డ పడింది.

డాక్టరు అక్కని బయట కూర్చోబెట్టి తమ్ముణ్ణి లోపలికి పిలిచాడు. "ఇంటికి తీసుకెళ్ళండి. ఏం అడిగితే అది చెయ్యండి" అన్నాడు. బయటికొచ్చిన తమ్ముడి మొహం అక్క ఒక్కసారి చూసింది.

"ఆయన చెప్పింది నువ్వు చెప్పక్కర్లేదు లేరా. నీ మొహమే పలకలా ఉంది, చదువుకున్నా" అంది.

ఇంటికి వస్తుంటే దారిలో అడిగింది. "తమ్ముడూ, ఒక్కటే కోరిక. నేనుండగా ఇంటి పేరు చెక్కి పెట్టరా. గోడకి చూసుకుని పోతాను."

పెళ్ళితో అక్క ఇంటిపేరు మారింది. మొగుడు వదిలేశాక ఆ పేరు విడిచేసింది. పుట్టింటి పేరు మళ్ళీ ఎప్పుడూ పెట్టుకోలేదు. కొట్లో ఎవరైనా "మీ ఇంటిపేరేమిటి?" అని అడిగితే, "కాజాలవారు" అని నవ్వి ఊరుకునేది. అలాంటి అక్క చివరికి ఇంటిపేరు కావాలంటోంది, మళ్ళీ మన మనిషి అవుతానంటోంది అనుకున్నాడు. తన సొంతింటికోసం ఎన్నాళ్ళుగానో దాచుకున్న పలక బయటికి తీశాడు. అరచెయ్యి ఆనిస్తే చల్లగా తగిలే రాయి, ఎక్కడా చార లేదు. దాని మీద తండ్రి ఇంటిపేరు నాలుగక్షరాలూ చెక్కాడు. తలకట్లు మిగిల్చి, గోనెపట్టాలో చుట్టి, తోపుడుబండి మీద పెట్టుకుని అక్క ఇంటికి బయల్దేరాడు.

అక్కడ తాపీమేస్త్రి ముందుగోడకి పూత పూస్తున్నాడు.

"వచ్చావా అన్నా! తలుపు పక్కన గూడు వదిలా చూడు. నీ పలక అందులో పట్టకపోతే తప్పు రాయిదే, నాది కాదు."

"నీ గోడ వంకరైనా రాయిదే తప్పంటావు."

"వంకరా? నా గోడ చూసుకుని జనం తల దువ్వుకుంటారు!"

లోపల అక్క మంచం మీద గోడకి ఆనుకుని ఉంది. పక్కన బొత్తాలమ్మాయి కూర్చుని గ్లాసులో నీళ్ళు చల్లారబోస్తోంది. ఆమె కూడా అదే దర్జీ కొట్లో పనిచేస్తుంది. అక్క కాజా అల్లితే ఈమె ఎదురుగా బొత్తాం కుట్టేది. నా అన్నవాళ్ళెవరూ లేరు. "కాజా ఉన్నచోటే బొత్తాం ఉండాలి" అని అక్క తనతోపాటు ఈ ఇంటికి తెచ్చుకుంది. తన తర్వాత ఈ గది ఆమెదేనని తమ్ముడికి చెప్పేసింది కూడా.

మేస్త్రి పలకని మంచం మీదికి ఎత్తి పట్టా విప్పాడు. అక్క కాజా అంచు తడిమి చూసినట్టు ఒక్కో అక్షరం గాడిలో వేలు పెట్టి నడిపించింది.

"ఏమిట్రా ఇది?"

"ఇంటిపేరక్కా. మనది. తలకట్లు నువ్వు చూశాక పెడదామని..."

"మనది కాదు. మీది."

బొత్తాలమ్మాయి గ్లాసు కింద పెట్టింది.

"నేనడిగింది ఇంటిపేరు కాదురా. ఇంటి పేరు. ఈ ఇంటికి పేరు."

నోటితో అంటే రెండూ ఒకటే. చెక్కితే మాత్రం మధ్యలో వేలెడు సందు ఉంటుంది. రోజూ సందులు కొలిచి బతికేవాడికి ఆ ఒక్క సందు వినపడలేదు.

"నాన్న గుమ్మంలో అన్న మాట మర్చిపోయావా? అవునులే, నువ్వప్పుడు రాళ్ళ కొట్లో పని నేర్చుకుంటూ దూరంగా ఉన్నావు. పెట్టె పట్టుకుని వచ్చినదాన్ని లోపలికి కూడా రానివ్వలేదు. 'ఏ ఇంటిపేరు పెట్టుకున్నావో ఆ ఇంటికే పో' అన్నాడు. ఆ ఇంట్లోంచేగా నన్ను గెంటింది! గుమ్మం దిగుతూ అనుకున్నా. చెప్పుకోవడానికి ఇల్లే లేనిదానికి ఇంటిపేరు ఎందుకని."

అతను తల వంచుకున్నాడు. ఆ సంగతి తెలిసిన రోజే అతను ఉలుల సంచీ భుజాన వేసుకుని అక్క అద్దెగదికి వచ్చేశాడు. తనకి పెళ్ళయ్యేదాకా అక్కతోనే ఉన్నాడు. ఆ గదులన్నీ ఎవరెవరివో పేర్లున్న గేట్ల వెనక ఉండేవి. ఎక్కడుంటున్నావని ఎవరడిగినా అక్క "ప్రస్తుతానికి ఫలానా నిలయం వెనక గదిలో" అనేది. ఇంటివాళ్ళకి కొడుకు పెళ్ళి కుదిరినా, గోడకి చెమ్మ దిగినా, ఊరికే బుద్ధి పుట్టినా, ఖాళీ చెయ్యమనేవారు. ఆ 'ప్రస్తుతానికి' అనే మాట లేకుండా ఆమె చిరునామా ఎన్నడూ పూర్తి కాలేదు.

"తప్పయిపోయిందక్కా. ఏం పేరు పెట్టమంటావో చెప్పు."

"ఇక్కడే."

"ఇక్కడే పెడతాం, తలుపు పక్కన గూడు కూడా వదిలారు. పేరు చెప్పు."

"అదేరా పేరు. ఇక్కడే."

బొత్తాలమ్మాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కిటికీ అవతలనుంచి తాపీమేస్త్రి అందుకున్నాడు. "అక్కగారూ, పోస్టువాడు చస్తాడు! ఎక్కడ ఇవ్వాలని అడిగితే ఇక్కడే అంటారు. ఇక్కడంటే ఎక్కడ అని అడిగితే మళ్ళీ ఇక్కడే అంటారు!"

"చావనీ. ఇన్నేళ్ళూ నేను తిరిగా. ఇక వాడు తిరుగుతాడు" అంది అక్క. నవ్వబోతే కడుపు పట్టేసింది. కాసేపు కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చుకుంది.

మేస్త్రి లెక్కలో పడ్డాడు. కొత్త పలక తెప్పించాలి, కోయించాలి, నునుపు పట్టాలి. అంత వ్యవధి అక్క దగ్గర లేదు. అతను పైకి అనకపోయినా ఆమెకి తెలిసిపోయింది.

"రాయి బాగుందిగా. కాజా వంకరపోతే చొక్కా పారేస్తామా? విప్పి కుడతాం."

"రాయి విప్పడానికి రాదక్కా."

"విప్పడానికి రాకపోతే తిప్పు."

మాట బాగానే ఉంది, పనే కష్టం. ఒకపక్క లోతుగా చెక్కిన రాయిని బోర్లించి రెండోపక్క కొడితే, కింద గాడులున్నచోట దన్ను ఉండదు. దెబ్బ కాస్త గట్టిగా పడితే అక్షరం వెంబడే చీలిపోతుంది. తాపీమేస్త్రి కూడా తల అడ్డంగా ఊపాడు. మేస్త్రి గుమ్మం ముందు తడి ఇసుక పరిచి, పాత అక్షరాల గాడుల్లో వేలితో ఇసుక కూరి, పలకని దాని మీద బోర్లించాడు. నాలుగు మూలలా అరచేత్తో నొక్కి, ఎక్కడా ఊగడం లేదని చూసుకున్నాడు. అప్పుడు సుద్దముక్క తీసి కొత్త పేరు గీశాడు.

గీస్తుంటే అర్థమైంది. ఈ పేరుకి ఒక్కటే తలకట్టు. 'ఇ'కి తలకట్టు ఉండదు. 'డే' నెత్తిన ఏత్వం కూర్చుంది కాబట్టి అక్కడా రాదు. మధ్యలో 'క'కి ఒక్కదానికే. దాని కింద ఒదిగి ఉన్న వత్తుకీ లేదు.

ఆ మాట కిటికీలోంచి చెబితే అక్క అంది, "చూశావా, కింద మోసేదానికి తలకట్టుండదు. పైనెక్కి కూర్చున్నవాడికే."

"నన్నంటున్నావా?"

"నన్ను నడవనిచ్చావా నువ్వు? చంక దిగితే ఒట్టు."

అమ్మ పోయేనాటికి అతనికి నడక సరిగ్గా రాదు. అక్క అంట్లు తోముతూ, బట్టలు ఉతుకుతూ అతనికి అక్షరాలు నేర్పింది. మట్టినేల మీద పుల్లతో గీయించేది. పక్కనే కూర్చుని నేర్పే తీరిక ఎక్కడిది? "నువ్వు గుండ్రాలు చుడుతూ ఉండు, నేనొచ్చి తలకట్లు పెడతా" అని పొయ్యి దగ్గరికి పరిగెత్తేది. తడి చేతులు తుడుచుకుంటూ తిరిగొచ్చి, వాడు గీసిన బోడి అక్షరాలని చూసి, తప్పున్నచోట చెరిపించి, సరిగ్గా ఉన్నవాటికి వరసగా తలకట్లు పెట్టేది. అక్క తలకట్టు పెట్టిందంటే ఆ అక్షరం గెలిచినట్టు. ఇంత పెద్దవాడయ్యాక కూడా అతనికి అదే అలవాటు. ఇంకొకరు చూసి సరేననందే తలకట్టుకి చెయ్యి రాదు.

సన్న ఉలితో మొదలుపెట్టాడు. మామూలుకంటే సగం దెబ్బ. రాయి గింజలు గింజలుగా కాదు, పిండిగా లేచింది. పొడి ఊదుతూ, నీళ్ళు చిలకరిస్తూ, వేలితో రాతిని తట్టి చప్పుడు వింటూ పోయాడు. గట్టి రాయి కంచులా పలుకుతుంది, లోపల బీటపడితే కుండలా పలుకుతుంది. ఒకసారి 'క' వత్తు దగ్గర చప్పుడు మారినట్టనిపించింది. ఉలి పక్కన పెట్టి, చెవి రాయికి ఆనించి మళ్ళీ తట్టాడు. కంచే.

"ఏరా, ఆగిపోయావు?" లోపల్నుంచి అక్క.

"ఉలి సానపడుతున్నా."

"అబద్ధం. సాన చప్పుడేది?"

అతను ఉత్తినే ఉలిని సానరాయి మీద రెండుసార్లు గీశాడు. అక్క తృప్తిపడింది. ఆమెకి మంచం దిగే ఓపిక పోయింది. తినడం మానేసింది. కానీ ఉలి మోగుతున్నంతసేపూ కళ్ళు తెరిచే ఉండేది. పని ఎక్కడిదాకా వచ్చిందో చప్పుడునిబట్టే చెప్పేది. "ఇ అయిపోయింది, డే దగ్గరికి వెళ్ళావు కదూ?" అని అడిగితే బొత్తాలమ్మాయి బయటికి తొంగిచూసి ఔనని చెప్పేది.

తలకట్టు తప్ప అంతా అయిన సాయంత్రం, మేస్త్రీ తాపీమేస్త్రీ కలిసి పలకని లోపలికి తెచ్చి మంచం పక్కన నిలబెట్టారు.

"చూసుకో అక్కా. తప్పులుంటే ఇప్పుడే చెప్పు."

అక్క చూసింది. చూస్తూ ఉండిపోయింది. తర్వాత చెయ్యి చాపింది. "సుద్ద ఇలా ఇయ్యి."

ఆమె మణికట్టు వణుకుతోంది. అతను పట్టుకోబోయాడు.

"చెయ్యి తీయి. నీకు నేర్పినదాన్ని నేను."

బొత్తాలమ్మాయి వెనకనుంచి లేవనెత్తి పట్టుకుంది. అక్క సుద్దముక్కని 'క' నెత్తిన ఆనించి, కిందికి చిన్న మలుపు తిప్పి, పైకి లాగింది. ఆ లాగడంలో గీత పొడుగు సాగింది, కుడిపక్కకి వాలింది.

"వంకరగా వచ్చిందా?"

"లేదక్కా."

"పోనీలే. చెక్కేటప్పుడు నువ్వు సరిచేస్తావుగా."

"రేపు పొద్దున్నే కొడతా. ఏటవాలు ఎండలో అయితేనే గీత లోతు తెలుస్తుంది. మంచం గుమ్మం దగ్గరికి జరుపుదాం, చూద్దువుగాని."

"రేపే పెట్టు" అంది అక్క.

పొద్దున్న అతను వెడల్పు ఉలి సానపట్టి తెచ్చేసరికి, బొత్తాలమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె చేతిలో గ్లాసు నిండుగానే ఉంది. ఎండ ఆ వేళకి సరిగ్గా గుమ్మం మీద పడుతోంది, కావలసినంత ఏటవాలుగా.

అక్కని సాగనంపడానికి దర్జీ కొట్టువాళ్ళూ వీధివాళ్ళూ వచ్చారు. పాత అద్దెగదుల యజమాని ఒకాయన కూడా వచ్చి, "మా ఇంట్లో ఉన్నప్పుడు బల్లమీద దీపంలా ఉండేది" అన్నాడు. ఆ దీపాన్ని ఖాళీ చెయ్యమన్నది ఆయనే. మేస్త్రికి కోపం కూడా రాలేదు.

తర్వాత అతను ఆ ఇంటికి వస్తున్నాడు, కూర్చుంటున్నాడు, పోతున్నాడు. పలక గదిలో గోడకి ఆనించి గోనెపట్టా కప్పి ఉంది. పట్టా తగిలి సుద్ద చెరగకుండా బొత్తాలమ్మాయి మధ్యలో రెండు కట్టెపుల్లలు అడ్డం పెట్టింది. తాపీమేస్త్రి ఊరుకున్నన్నాళ్ళు ఊరుకుని, చివరికి అన్నాడు.

"అన్నా, మబ్బు పట్టింది చూడు. గూడు తెరిచి ఉంది. వాన పడితే గోడలోకి నీళ్ళు దిగుతాయి. అక్కగారి ఇల్లు తడుస్తుంది."

అది నిజం. మేస్త్రి లేచి పట్టా తీశాడు. అక్క గీత అలాగే ఉంది. సుద్ద ఎక్కడ గట్టిగా ఆనిందో, ఎక్కడ తేలిపోయిందో, చెయ్యి ఎక్కడ అదిరిందో, అంతా తెల్లగా కనపడుతోంది.

బొత్తాలమ్మాయి మెల్లిగా అడిగింది. "అన్నయ్యా, అక్క రాసిందేగా. దాన్ని అలాగే ఉంచెయ్యకూడదా?"

"సుద్ద వానకి ఆగదమ్మా."

"చెక్కితే?"

"చెక్కితే సుద్ద పోతుంది."

అంతే సంగతి. గీత నిలవాలంటే ఆ గీతనే తవ్వెయ్యాలి. ఎన్ని వందల పలకల మీద తను గీసిన సుద్దని తనే లేపేసుకున్నాడో లెక్కలేదు. సుద్ద ఉన్నది పోవడానికే. ఈ ఒక్కసారి మాత్రం ఉలి ఎక్కడ ఆనించాలన్నా అక్క చెయ్యి అడ్డం ఉన్నట్టే ఉంది.

పలకని గుమ్మంలోకి తెచ్చి ఇసుక మీద పడుకోబెట్టాడు. పొద్దుటెండ మబ్బుల్లోంచి పలచగా పడింది. వెడల్పు ఉలి తీసి గీత మొదట్లో పెట్టాడు. చేతికి అలవాటైన తలకట్టు నిటారుగా ఉంటుంది, పొట్టిగా ఉంటుంది. ఉలి దానంతటదే అటు తిరగబోయింది. ఆపాడు. సుద్ద ఎటు వాలిందో అటే వాల్చాడు. తట్టాడు. తెల్లటి పొడి నల్లటి పొడితో కలిసి లేచింది. ఊదలేదు. వేలికొసతో పక్కకి జరిపాడు.

గీత వెంబడే వెళ్ళాడు. మలుపు దగ్గర చెయ్యి అదిరిన చోట గాడిని కూడా అలాగే అదిరించాడు. పైకి లాగిన చోట, అది ఎంతదాకా సాగిందో అంతదాకా సాగాడు. చివరికి సుద్ద ఎక్కడా మిగల్లేదు. నీళ్ళు చిలకరించి అరచేత్తో తుడిచాడు. రాయి నల్లగా మెరిసింది. అందులో వంకర తలకట్టు ఒక్కటి, లోతుగా.

తాపీమేస్త్రి వచ్చి వంగి చూశాడు. లేచి గూడు వైపు చూశాడు.

"ఏ పక్క బయటికి పెట్టాలో నాకు తెలుసులే. రెండోపక్క గోడలోకే కదా?"

"గోడలోకే. దానికి తలకట్లు లేవు. ఉండక్కర్లేదు."

మేస్త్రి పలకని నిలబెట్టి అంచులు తుడిచాడు. తాపీమేస్త్రి చేతులు చాపాడు గానీ, మేస్త్రి పలకని బొత్తాలమ్మాయి వైపు తిప్పాడు.

"చూసుకోమ్మా. తప్పులుంటే ఇప్పుడే చెప్పు."

ఆమె పేరు మీద వేలు నడిపించింది. తలకట్టు దగ్గర ఆగింది. అది వాలిన వైపే వేలు కూడా వాల్చి, కొసదాకా వెళ్ళింది.

"తప్పులేదన్నయ్యా."

"అయితే పట్టుకో. బరువు, జాగ్రత్త" అని, ఆమె రెండు చేతులూ అడుగున సరిగ్గా కుదిరాయని చూసుకుని, మేస్త్రి వదిలాడు.